రవ్వ పిల్లల చెవిరాయిలో నల్లగీత: రూపవిక్రియ గుర్తా, వల వేసిన గుర్తా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నల్లగొండ దగ్గరి ఒక నర్సరీ చెరువు నుంచి రవ్వ పిల్లలను, అంటే రోహును తెచ్చి చెవిరాళ్లు తీశారు. చెవిరాయి అంటే చేప లోపలి చెవిలో ఉండే సున్నపు రాయి, ఓటోలిత్; దాని మీద పొరలు వలయాలుగా పడతాయి. నడిమి నుంచి పదిహేను, పదహారు వలయాల దాకా వరస చక్కగా ఉంది. అక్కడ ఒక ముదురు నల్లగీత కనిపించింది. అది దాటాక వలయాల వెడల్పు మారింది. కొన్ని రాళ్లలో అంచు గుండ్రంగా లేకుండా మొగ్గల్లా పొడుచుకొచ్చింది. ఇది డింభకం పిల్లచేపగా మారే రూపవిక్రియ గుర్తేనా, ఆ రోజుల్లో రాయి ఎదుగుదల ఆగుతుందా, వలయాల లెక్కను వయసుగా రాయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: రూపవిక్రియలో చెవిరాయి ఎదుగుదల ఆగదు. ఒంటి ఎదుగుదల మందగించినా రాయి మీద పొర పడుతూనే ఉంటుంది. ఆ నల్లగీతను మాత్రం ఇప్పుడే రూపవిక్రియ ఖాతాలో రాయకండి. మన దగ్గర స్పాన్‌ను, అంటే మూడు రోజుల పసిపిల్లలను నర్సరీలో వదిలిన పదిహేను, ఇరవై రోజులకు వల వేసి, ఫ్రైని, అంటే అప్పటికి కాస్త ఎదిగిన పిల్లలను హాపా అనే వలగుడ్డ సంచిలో పస్తు పెట్టి, వేరే చెరువుకు మారుస్తారు. రవ్వ పిల్లకు రెక్కలు పూర్తిగా ఏర్పడి పొలుసులు వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే. రెండు సంఘటనలు ఒకేచోట పడుతున్నాయి కాబట్టి ఒక్క చెరువు నమూనా చూసి ఏ గీత దేనిదో తేల్చలేం. తేల్చే పద్ధతి ఉంది, అది కింద రాస్తున్నాను. ఇక మొగ్గల సంగతి: మీరు వేరే రాయి తీసి ఉండొచ్చు. ముందు అది సరిచూసుకోండి, ఎందుకంటే రాయి తప్పైతే మిగతా లెక్కంతా తప్పే.

ఏ రాయి తీశారు?

చేపకు ఒక్కో పక్క మూడు చెవిరాళ్లు ఉంటాయి. యుట్రికిల్ అనే సంచిలో లాపిల్లస్, సాక్యూల్‌లో సాజిట్టా, లజీనాలో ఆస్టరిస్కస్. సముద్రపు చేపల గురించి రాసిన పుస్తకాల్లో 'ఓటోలిత్' అంటే చాలావరకు సాజిట్టానే, ఎందుకంటే వాటిలో అదే పెద్దది. ఆ పుస్తకం చూసి రవ్వలోనూ సాజిట్టా తీస్తే ఇబ్బందిలో పడతారు. రవ్వ, బొచ్చె, బంగారుతీగ లాంటి కార్పు జాతుల్లో సాజిట్టా మొదట గుండ్రటి చుక్కలా ఉండి, పిల్ల ఎదిగేకొద్దీ సాగి సన్నటి సూదిలా మారుతుంది. అంచులు పలచన, చేత్తో తాకితే విరిగేంత సుకుమారం. ఆకారం మారేటప్పుడు వలయాలు ఒక వైపు దూరదూరంగా, మరో వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పడతాయి. లెక్కకు పనికిరాదు.

ఆస్టరిస్కస్‌తో ఇంకో ప్రమాదం ఉంది. మొదటి రెండు రాళ్లు గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే ఏర్పడతాయి. ఆస్టరిస్కస్ ఆలస్యంగా వస్తుంది. కార్పులకు చుట్టమైన జీబ్రా చేపలో అది కనిపించేది సుమారు 11, 12 రోజులకు. అంటే ఆస్టరిస్కస్ నడిమి బిందువు పొదిగిన రోజు కాదు. దాన్ని లెక్కపెట్టి వయసు రాస్తే అన్ని రోజులూ కోతపడతాయి. పైగా కార్పుల ఆస్టరిస్కస్ మిగతా రెండింటిలా ఆరగొనైట్ కాదు, వాటెరైట్. రెండూ కాల్షియం కార్బొనేటే, స్ఫటికం రూపు వేరు. గాజులా మెరుస్తుంది, అంచులు నక్షత్రంలా, మొగ్గల్లా ఉంటాయి. మీరు చెప్పిన 'మొగ్గలు' వినగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే.

కాబట్టి రవ్వకు లాపిల్లస్ తీయండి. పిల్ల దశ అంతా గుండ్రంగా, కోడిగుడ్డులా ఉంటుంది, వలయాలు వరసగా పడతాయి. గుర్తుపట్టడం తేలిక. ఐదారు మిల్లీమీటర్ల స్పాన్‌ను స్లైడు మీద ఒక చుక్క గ్లిజరిన్‌లో పక్కకు పడుకోబెట్టి తక్కువ పవర్‌లో చూడండి. కంటికి వెనకగా పారదర్శకమైన బుడగ, అందులో రెండు చుక్కలు కనిపిస్తాయి. కంటి వైపు ఉన్న చిన్న చుక్క లాపిల్లస్, తోక వైపు ఉన్న పెద్ద చుక్క సాజిట్టా. మైక్రోస్కోపుకు రెండు పోలరాయిడ్ ఫిల్టర్లు అడ్డంగా పెడితే చుట్టూ ఉన్నది మసకబారి ఆ రెండు చుక్కలు దీపాల్లా వెలుగుతాయి. అలా వెలుగుతుండగా సూదితో తీయడం అలవాటు చేసుకుంటే రాయి పోగొట్టుకోవడం తగ్గుతుంది.

రాయి ఎలా పెరుగుతుంది, ఎందుకు ఆగదు

చెవి సంచిలో నిండి ఉన్న ద్రవం నుంచి కాల్షియం కార్బొనేట్ ఓటోలిన్ లాంటి ప్రోటీన్ల అల్లిక మీద పేరుకుంటుంది. పగలు రాత్రి మారేకొద్దీ కాల్షియం ఎక్కువ ఉన్న వెడల్పాటి పొర, ప్రోటీన్ ఎక్కువ ఉన్న సన్నని పొర ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. కింది నుంచి వెలుతురు వేసి చూస్తే మొదటిది తెల్లగా, రెండోది నల్లగా కనిపిస్తుంది. ఈ జత ఒక రోజు వలయం. ఇవి రోజుకొకటి పడతాయని జార్జియో పానెల్లా 1971లో చూపించాకే ఈ శాస్త్రం ఊపందుకుంది.

ఎముకకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. ఎముకను ఒళ్లు అవసరమైతే కరిగించి వాడుకుంటుంది. చెవిరాయిలో పడిన పొర మామూలుగా మళ్లీ కరగదు. అందుకే డింభక దశలో పడిన పొరలు పెద్దచేప రాయి నడిమిన అలాగే ఉండిపోతాయి.

రూపవిక్రియ బలంగా ఉండే చేపల్లో ఇది బాగా తెలుస్తుంది. టార్పన్ అనే సముద్రపు చేప డింభకం ఆకులా పలచగా, అద్దంలా ఉంటుంది. అది పిల్లచేపగా మారేటప్పుడు ఒంటి పొడవు పెరగదు సరికదా, కుంచించుకుపోతుంది. అయినా చెవిరాయి పెరుగుతూనే ఉంటుంది. ఈ మార్పును నడిపేది థైరాయిడ్ హార్మోన్. థయోయూరియా అనే రసాయనంతో ఆ హార్మోన్‌ను అణచివేస్తే డింభకం మారడమూ మందగిస్తుంది, రాయి ఎదుగుదలా మందగిస్తుంది. మన కృష్ణలో దొరికే మలుగుపాము సముద్రంలో పుట్టి నదికి వచ్చే జాతి. ఆ కుటుంబం చేపల్లో ఆకు ఆకారపు డింభకం గాజుపాముగా మారే చోట వలయాలు ఒక్కసారిగా వెడల్పవుతాయి, స్ట్రాన్షియం, కాల్షియం నిష్పత్తి బాగా పడిపోతుంది. రసాయనంలోనూ, వెడల్పులోనూ ఒకేచోట మార్పు వస్తుంది కాబట్టి అక్కడ రూపవిక్రియ అని ధైర్యంగా రాయొచ్చు.

సముద్రపు అడుగున ఒక పక్కకు పడుకునే బల్లపరుపు చేపలది మరో తీరు. ఒక కన్ను తల మీదుగా రెండో పక్కకు జరిగే రోజుల్లో సాజిట్టా అంచున కొత్త కేంద్రాలు పుడతాయి. వాటి చుట్టూ వేరే వలయాలు మొదలై పాత గుండ్రటి రాయిని చుట్టేస్తాయి. వీటిని అదనపు కేంద్రాలు అంటారు. వీటి గురించి మీరు ఏదో వ్యాసంలో చదివి ఉండొచ్చు. మొగ్గలు చూసి అదే అనుకుని ఉంటారు.

రవ్వలో ఇంత నాటకీయమైన మార్పు ఉండదు. 28 డిగ్రీల దగ్గర ఫలదీకరణ జరిగిన 14 నుంచి 18 గంటల్లో గుడ్డు పొదుగుతుంది, మూడు రోజుల్లో సొన అయిపోయి నోరు తెరిచి మేత మొదలుపెడుతుంది. ఆ తర్వాత వీపు నుంచి తోక దాకా ఉన్న పొర చీలి రెక్కలుగా విడిపోవడం, రెక్కల్లో ముళ్లు రావడం, పొలుసులు రావడం ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. సుమారు 20 మిల్లీమీటర్లు దాటేసరికి చూడ్డానికి చిన్న రవ్వలా ఉంటుంది. ఈ మార్పు ఒక రోజుది కాదు, చాలా రోజులది. చాలా రోజుల మార్పు రాయిలో ఒకే ఒక్క గీతగా పడిందంటే అనుమానించాల్సిందే.

తేదీతో వచ్చిన గీతా, సైజుతో వచ్చిన గీతా?

మీ ప్రశ్నకు అసలు కీలకం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

ఒక హేచరీలో గుడ్లు పెట్టించడానికి ఒకే రాత్రి హార్మోన్ ఇంజెక్షన్ చేసిన తల్లుల గుడ్లు కొన్ని గంటల తేడాలోనే పొదుగుతాయి. కాబట్టి ఒక బ్యాచ్‌లో అన్ని పిల్లలదీ ఒకటే వయసు. సైజు మాత్రం ఒకటి కాదు. అదే చెరువులో అదే రోజున ఒకటి 18 మిల్లీమీటర్లుంటే ఇంకొకటి 30 దాటి ఉంటుంది. ఈ తేడాను రైతు తిట్టుకుంటాడు కానీ మనకు అది వరం.

ఒకే రోజు పట్టిన వాటిలోంచి బాగా పెద్దవి పది, బాగా చిన్నవి పది విడదీయండి. ప్రతి రాయిలో రెండు కొలతలు తీసుకోండి. ఒకటి, నల్లగీత నడిమి నుంచి ఎన్నో వలయం దగ్గరుంది. రెండు, నడిమి నుంచి ఆ గీతకు ఎన్ని మైక్రాన్ల దూరం.

పెద్దవాటిలోనూ చిన్నవాటిలోనూ గీత ఒకే వలయం దగ్గర ఉండి, దూరం మాత్రం వేరువేరుగా ఉంటే, అది తేదీకి కట్టుబడిన గీత. ఆ రోజు చెరువులో అందరికీ ఏదో జరిగింది: వల వేశారు, హాపాలో పెట్టారు, ఆక్సిజన్ కవర్లలో వేసి తరలించారు, లేదా పెద్ద వానకు నీళ్లు ఒక్కసారి చల్లబడ్డాయి.

గీత దాదాపు ఒకే దూరంలో ఉండి, త్వరగా పెరిగిన పిల్లల్లో ముందు వలయానికీ, వెనకబడిన వాటిలో నాలుగైదు వలయాలు ఆలస్యంగానూ వస్తే, అది ఒంటి ఎదుగుదలకు కట్టుబడిన గుర్తు. రూపవిక్రియ అని వాదించడానికి అప్పుడు ఆధారం ఉన్నట్టు.

గీత రూపు కూడా కొంత చెబుతుంది. వల, తరలింపు లాంటి దెబ్బకు పడే గీత పదునుగా, ఒంటిగా, చుట్టంతా తెగకుండా ఉంటుంది. దాని ముందు వలయం మామూలుగానే ఉంటుంది. మేత లోటు వల్లైతే గీత ఉండదు, వలయాలు క్రమంగా సన్నబడి, వేరుశనగ చెక్క, తవుడు మళ్లీ అందాక క్రమంగా వెడల్పవుతాయి. దశ మార్పు అనేక వలయాల మీద పరుచుకుని ఉంటుంది, రాయి పొడవు వెడల్పుల నిష్పత్తి కూడా అక్కడి నుంచి మారుతుంది. అయితే రూపు చూసి మాత్రమే తేల్చొద్దు. పైన చెప్పిన రెండు కొలతలే సాక్ష్యం.

ఇంకోమాట. మూడో రోజు దగ్గర కూడా ఒక ముదురు గీత చూసే ఉంటారు. అది చాలామందికి పొదిగిన గీతలా, మేత మొదలైన గీతలా కనిపిస్తుంది. మన దగ్గర అదే రోజున స్పాన్‌ను కవర్లలో ప్యాక్ చేసి, కైకలూరు వైపు నుంచైతే రాత్రంతా వ్యాన్‌లో తెచ్చి నర్సరీలో వదులుతారు. అక్కడా అదే చిక్కు.

తొట్టిలో పెంచి చూడండి

చెరువు నమూనాతో అనుమానం తీరకపోతే, పొదిగిన తేదీ తెలిసిన స్పాన్‌తో చిన్న పరీక్ష పెట్టాలి. ఖర్చు తక్కువ, విలువ ఎక్కువ.

హేచరీ వాళ్లను పొదిగిన తేదీ, వేళ అడిగి రాసుకోండి. 'నిన్నటి బ్యాచ్' అంటే సరిపోదు. 300 దాకా స్పాన్ తెచ్చి రెండు సిమెంట్ తొట్లలో సగం సగం వదలండి. ఒకే నీళ్లు, ఒకే మేత. మొదటి వారం చెరువు నుంచి సన్నని జాలీతో వడగట్టిన పాచినీళ్లు, సూక్ష్మజీవులు, ఆపైన వేరుశనగ చెక్క, తవుడు సమపాళ్లలో మెత్తగా జల్లించి. తొట్లు రేకుల షెడ్డు కింద పెట్టండి కానీ పగలు రాత్రి వెలుతురు సహజంగా పడాలి. ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ రాత్రంతా వెలిగే గదిలో పెడితే వలయాలు మసకబారతాయి, తర్వాత ఎంత సాన పట్టినా లెక్క రాదు.

పదహారో రోజున ఒక తొట్టిలో పిల్లలను మాత్రం వలతో తీసి రాత్రంతా హాపాలో పస్తు పెట్టి మళ్లీ అదే తొట్టిలో వదలండి. రెండో తొట్టిని ముట్టుకోవద్దు. నాలుగో రోజు నుంచి ముప్పై ఆరో రోజు దాకా నాలుగు రోజులకొకసారి ఒక్కో తొట్టి నుంచి ఐదారు పిల్లలు తీయండి. ముట్టుకోని తొట్టి నుంచి తీసేటప్పుడు చిన్న కప్పుతో తీయండి, వల ఆడించొద్దు. నల్లగీత మొదటి తొట్టిలోనే ఉంటే అది వల గీత. రెండింటిలోనూ ఉంటే పిల్ల సొంత మార్పు గీత.

రోజుకొక వలయం పడుతోందని రుజువు కూడా ఇందులోనే వచ్చేస్తుంది. వయసు తెలిసిన పిల్లల్లో వలయాలు లెక్కపెట్టి గ్రాఫ్ గీయండి. వాలు 1కి దగ్గరగా ఉంటే రోజుకొకటి. గ్రాఫ్‌లోని గీత వయసు అక్షాన్ని ఎక్కడ తాకుతుందో అక్కడి నుంచి వలయాలు మొదలైనట్టు. అది పొదిగిన రోజే కావచ్చు, సొన అయిపోయిన రోజు కావచ్చు. ఈ తేడా తెలియకుండా వయసు రాయకూడదు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే అలిజరిన్, అంటే కాల్షియాన్ని పట్టుకునే ఎర్ర రంగు. పిల్లలను రంగు నీళ్లలో ఉంచితే ఆ రోజు పొర ఎర్రగా మారుతుంది. ఎనిమిదో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి పెడితే నడుమ పన్నెండు వలయాలు ఉండాలి. రెండోసారి రంగు పెట్టే లోపే పిల్లలకు దశ మార్పు మొదలై ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వలయం తప్పిందా లేదా సూటిగా తెలుస్తుంది. అలిజరిన్ రెడ్ లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య, 12 నుంచి 24 గంటలు. ముందు ఇరవై పిల్లలతో సరిచూశాకే మిగతావాటికి. రంగు నీటిని పుల్లబరుస్తుంది, పీహెచ్ 7 దగ్గరికి సరిచేయాలి.

మన జిల్లాలో ఇక్కడే పని చెడేది. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ ఈ పనికి అడ్డుపడేది బోరునీళ్ల కఠినత్వం. నీళ్లలోని కాల్షియం రంగును పట్టుకుని అడుక్కు దింపేస్తుంది, రాయికి చేరేది అంతంతే. తొట్టి అడుగున ఊదా రంగు మడ్డి పేరుకుంటే అదే జరిగిందని అర్థం. అలిజరిన్ బదులు ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడినా ఇదే బాధ. సగం ఆర్వో నీళ్లు, సగం తొట్టి నీళ్లు కలిపి వాడండి. పిల్లలను ఆ నీటికి గంట, రెండు గంటల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఒక్కసారి మార్చితే చచ్చిపోతాయి, బతికినవాటిలో మళ్లీ ఒక దెబ్బగీత పడుతుంది.

భద్రపరచడం, సాన పట్టడం

ఫార్మలిన్ వద్దు. ఫార్మలిన్ నిలవ ఉండేకొద్దీ పులుస్తుంది, కాల్షియం కార్బొనేట్‌ను మెల్లగా తినేస్తుంది. కొద్ది రోజులకే అంచు వలయాలు పోతాయి, కొన్ని వారాలకు స్పాన్ రాళ్లే మాయమవుతాయి. 95 శాతం ఇథనాల్ వాడండి. పిల్లల ఒంట్లో నీరు దాన్ని పలచబరుస్తుంది కాబట్టి మర్నాడు ఒకసారి మార్చండి. ఆల్కహాల్‌లో పిల్ల కుంచించుకుపోతుంది, అందుకని పొడవు ముందే, తాజాగా ఉన్నప్పుడే కొలవాలి.

తీసిన రాయిని పలచని బ్లీచ్ నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచితే అంటుకున్న పొర వదిలిపోతుంది. ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. నల్లా నీళ్లతో, బోరు నీళ్లతో కడగొద్దు. ఆరాక స్లైడు మీద సన్నటి తెల్ల ఉప్పు మిగులుతుంది, పోలరాయిడ్ వెలుతురులో అదీ రాయిలాగే మెరుస్తుంది.

స్పాన్, చిన్న ఫ్రై లాపిల్లస్‌కు సాన అక్కర్లేదు. రంగులేని నెయిల్ పాలిష్ చుక్కలో అదిమి నేరుగా చూడొచ్చు. పిల్ల 20, 25 మిల్లీమీటర్లు దాటాక రాయి మందమై నడిమి మసకబారుతుంది. అప్పుడు రెండు వైపులా సాన పట్టాలి. తడి 2000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 3 మైక్రాన్ల ల్యాపింగ్ ఫిల్ముకు, చివరికి 1 మైక్రాన్ లేదా 0.3 మైక్రాన్ ఫిల్ముకు వెళ్లండి. పది, పదిహేను రుద్దుళ్లకొకసారి మైక్రోస్కోపు కింద చూడాలి. నడిమి బిందువు స్ఫుటంగా కనిపించగానే ఆపేయండి. ఇంకో నాలుగు రుద్దితే అదే పోతుంది, పొదిగిన గీత కూడా పోతుంది, మీకు తెలియకుండానే వయసు రెండు మూడు రోజులు తగ్గుతుంది. ఒక పక్క రాయి పాడైతే రెండో పక్కది వాడుకోవచ్చు, అందుకే ఎడమ, కుడి రెండూ తీసి వేరుగా రాసిపెట్టుకోండి.

లెక్కకు 400 రెట్లు చాలదు. అంచు వైపు, నడిమి వైపు నూనె వేసి 1000 రెట్లకు వెళ్లండి. వలయం మైక్రాన్‌కు లోపు ఉంటే మామూలు మైక్రోస్కోపులో రెండు కలిసి ఒకటిగా కనిపించే ప్రమాదం ఉంది. అలాంటి చోటు ఉన్న రాళ్లను పక్కన పెట్టండి, ఊహించి పూరించొద్దు. దీనికి ఎదురు తప్పు, ఒక రోజు వలయం లోపలి సన్నగీతలను కూడా రోజులుగా లెక్కపెట్టడం. ఫైన్ ఫోకస్ కొంచెం అటూ ఇటూ తిప్పండి. రోజు గీత ఫోకస్ మారినా నిలుస్తుంది, లోపలి గీత మాయమవుతుంది. దశ మారే చోట ఈ లోపలి గీతలు ఎక్కువ కనిపిస్తాయి, అక్కడే చాలామంది రెండేసి రోజులు ఎక్కువ వేస్తారు.

ప్రతి రాయిని మూడుసార్లు, వేరువేరు రోజుల్లో, చేప సైజు తెలియకుండా లెక్కపెట్టండి. స్నేహితురాలో, స్నేహితుడో స్లైడ్ల నంబర్లు కలిపేస్తే మంచిది. మూడు లెక్కలు పది శాతానికి మించి తేడా వస్తే ఆ రాయిని వదిలేయండి. ఎన్ని వదిలారో ప్రాజెక్టులో రాయండి.

వలయం వెడల్పు నుంచి ఒంటి పొడవు

ఇది మీరు అడగలేదు కానీ తప్పకుండా చేయబోతారు. వలయం వెడల్పును ఆ రోజు ఎదుగుదలగా రాయడం రూపవిక్రియ రోజుల్లో చెల్లదు. టార్పన్ ఉదాహరణ చూశారు కదా, ఒళ్లు తగ్గుతున్నా రాయి పెరుగుతుంది. మెల్లగా పెరిగిన పిల్లకు దాని పొడవుతో పోలిస్తే రాయి కాస్త పెద్దదిగా ఉంటుంది కూడా. అందుకే స్టీవెన్ కాంపానా 1990లో సూచించిన పద్ధతి వాడతారు. వలయాలు మొదలైన దశలో రాయి వ్యాసార్థం, పిల్ల పొడవు నిజంగా కొలిచి, వాటిని మొదటి బిందువుగా పెట్టుకుంటారు.

ఉదాహరణకు, పట్టిన రోజు పిల్ల 30 మిల్లీమీటర్లు, రాయి వ్యాసార్థం 200 మైక్రాన్లు. మొదట్లో పిల్ల 5.5 మిల్లీమీటర్లు, రాయి 30 మైక్రాన్లు. గీత దగ్గర రాయి 115 మైక్రాన్లు. రాయి మొత్తం పెరిగింది 170, పిల్ల పెరిగింది 24.5. గీత దాటాక రాయి పెరిగింది 85, అంటే సగం. కాబట్టి పిల్ల కూడా అందులో సగం, 12.25 మిల్లీమీటర్లు పెరిగినట్టు. గీత నాటికి పొడవు 17.75. ఈ అంకెలు లెక్క చూపడానికే, మీవి మీరు కొలవాలి.

ఇందులో దాగిన షరతు ఏంటంటే, రాయి, పిల్ల మొదటి నుంచి చివరి దాకా ఒకే నిష్పత్తిలో పెరగాలి. దశ మార్పు దగ్గర ఆ నిష్పత్తి విరగొచ్చు. తొట్టి పిల్లల పొడవు, రాయి వ్యాసార్థం గ్రాఫ్ మీద పెడితే వంపు ఎక్కడుందో కనిపిస్తుంది. వంపు ఉంటే గ్రాఫ్‌ను అక్కడ రెండు ముక్కలు చేసి, రెండింటికీ వేరే లెక్క వేయండి. నిజానికి ఆ వంపు మీరు వెతికే రూపవిక్రియకు నల్లగీత కంటే మంచి ఆధారం.

కొర్రమీను సంగతి

మీ ప్రశ్న చివర్లో మీ దగ్గర కొర్రమీను పిల్లలూ ఉన్నాయన్నారు. అది కార్పు కాదు, దాని సాజిట్టా పెద్దది, దాన్నే తీయండి. రవ్వకు చెప్పిన మాట దీనికి తిరగబడుతుంది. కొర్రమీను పిల్లలు మొదట ఎర్రగా గుంపుగా తిరిగి, ఎదిగేకొద్దీ నల్లబడి విడిపోతాయి. గాలి పీల్చడం మొదలుపెడతాయి. కంటికి కనిపించే మార్పు ఉంది కాబట్టి ఇది మీ ప్రాజెక్టుకు రవ్వ కంటే నయం. ప్రతి నమూనాలో పిల్ల ఎరుపు ఉందా, సగం మారిందా, పూర్తిగా నల్లబడిందా అని రాయి తీయకముందే నోటు చేసుకోండి, ఫోటో తీయండి. ఆల్కహాల్‌లో పడ్డాక ఆ రంగు ఉండదు.

ఇక్కడ వల గీతకు బదులు గ్రేడింగ్ గీత వస్తుంది. ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి రైతులు కొద్ది రోజులకొకసారి పెద్దవాటిని వేరుచేస్తారు. ఆ తేదీలన్నీ రైతు దగ్గర రాసుకోండి. చాలామంది రాసిపెట్టుకోరు, అందుకని కూలీకి డబ్బులిచ్చిన రోజులు అడిగితే సరైన తేదీలు దొరుకుతాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న స్లైడ్లతో చేయగలిగింది: రాయి లాపిల్లసేనా సరిచూడండి, ఆ చెరువులో వల వేసిన తేదీ కనుక్కోండి, పెద్దవి పది, చిన్నవి పది తీసి గీత వలయం సంఖ్య, దూరం పట్టిక వేయండి. ఫార్మలిన్‌లో ఉన్నవాటిని ఇందులో కలపొద్దు. పట్టికతో పాటు ఒక్కో రాయి ఫోటో స్కేలు కనిపించేలా పెట్టండి, స్టేజ్ మైక్రోమీటరుతో సరిచూసిన లెన్స్ ఏదో రాయండి. గీత ఎటు తేలుతుందో దాన్ని బట్టి తొట్టి పరీక్ష ఈ సీజన్‌లోనే పెట్టాలా అన్నది చూద్దాం. వానాకాలం స్పాన్ హేచరీల్లో జులై, ఆగస్టుల్లో ఎక్కువ దొరుకుతుంది, పొదిగిన వేళ కోసం ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచండి.